ఎంపీపీ చదువుతున్నా అంటే ఎలక్షన్లు ఎప్పుడైనయ్ అన్నారు: పబ్లిక్ పాలసీలో పీజీ చేయాలనుకునేవాళ్లకి

నేను మాస్టర్స్‌లో చేరిన కొత్తలో ఊరికెళ్తే మా పెదనాన్న "ఏం చదువుతున్నవ్ రా" అనడిగాడు, "ఎంపీపీ పెదనాన్నా" అన్నా, ఆయన కాసేపు నన్ను ఎగాదిగా చూసి "ఎలక్షన్లు ఎప్పుడైనయ్?" అన్నాడు. మన దగ్గర ఎంపీపీ అంటే మండల పరిషత్ ప్రెసిడెంటే కదా మరి. మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీ అని విడమర్చి చెప్తే "ఓహో కలెక్టర్ కోచింగా" అన్నాడు. అదీ కాదు. అప్పట్నుంచి ఇప్పటిదాకా జూనియర్లు ఇవే డౌట్లు అడుగుతూనే ఉన్నారు, ఒక్కొక్కరికి వాయిస్ మెసేజ్‌లు పెట్టలేక మొత్తం ఇక్కడ రాసేస్తున్నా, కొంచెం పొడుగైంది, టీ పెట్టుకుని కూర్చోండి.

అసలు ఈ చదువు ఏంటి

మా అమ్మ పర్సు తీస్తే నాలుగైదు జీరో టికెట్లు నలిగి కనపడతాయి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఫ్రీ కదా, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి. కండక్టర్ డబ్బులు తీసుకోడు కానీ టికెట్ మాత్రం కొట్టి చేతిలో పెడతాడు. డబ్బుల్లేని టికెట్ ఎందుకు కొట్టడం అంటే, ఆ టికెట్ల లెక్క మీదే గవర్నమెంట్ ఆర్టీసీకి డబ్బు కట్టాలి కాబట్టి.

ఇప్పుడు ఇదే స్కీం టీవీ డిబేట్‌లో ఐతే "ఉచితాలు మంచివా చెడ్డవా" అని గంటసేపు అరుచుకుంటారు. పాలసీ క్లాసులో అడిగేవి వేరే. బస్సెక్కుతున్న ఆడవాళ్లలో ఇదివరకే టికెట్ కొనుక్కుని ఎక్కేవాళ్లెంతమంది, ఇదివరకు ఇల్లు కదలనివాళ్లు ఎంతమంది? షేర్ ఆటో నడిపేవాడి రోజు కలెక్షన్ ఎంత పడిపోయింది, అతను ఎవరికి చెప్పుకోవాలి? ఆర్టీసీకి డబ్బు టైంకి వస్తుందా? అంతే డబ్బు పెట్టి కొత్త బస్సులు కొనుంటే, అసలు బస్సే రాని ఊళ్లకి ఎక్కువ మేలు జరిగేదా? అన్నిటికంటే పెద్ద ప్రశ్న, ఈ స్కీం లేకపోయుంటే ఏమయ్యేది, అది నీకెలా తెలుసు? ఈ చివరి ప్రశ్న రెండేళ్లు మిమ్మల్ని వదలదు, నిద్రలో కూడా.

పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌తో కలిపేయకండి. ఆఫీసు ఎట్లా నడవాలి, సిబ్బంది, ఫైళ్లు, నియమాలు, ఇదంతా అటువైపు ఎక్కువ. పొలిటికల్ సైన్స్‌లో అధికారం ఎవరి చేతిలో, ఎందుకు అనేది. డెవలప్‌మెంట్ స్టడీస్ మనకి చాలా దగ్గరి చుట్టం, కాకపోతే అక్కడ సమాజం, పేదరికం మీద చర్చ ఎక్కువ, మన దగ్గర "సరే ఇప్పుడేం చేద్దాం" అనే తొందర ఎక్కువ.

చేరేముందు ఒకసారి ఆగండి

యూపీఎస్సీకి బ్యాకప్‌గా చేద్దాం అనుకుంటే వద్దు, నా మాట వినండి. జీఎస్ పేపర్ 2లో గవర్నెన్స్ ఉంది, ఎస్సే పేపర్‌కి పనికొస్తుంది, నిజమే, కానీ ఇక్కడ వారం వారం అసైన్‌మెంట్లు, గ్రూప్ ప్రెజెంటేషన్లు, రీడింగ్‌లు ఉంటాయి, అశోక్‌నగర్ కోచింగ్ టైంటేబుల్‌కి ఇది సెట్ అవ్వదు. నేనే రెండు అటెంప్ట్‌లు రాసి వచ్చా, మొదటి సెమిస్టర్‌లో మూడోది కూడా రాస్తా అనుకుని ప్రిలిమ్స్ పోయింది, ఇటు స్టాటిస్టిక్స్‌లో అత్తెసరు మార్కులతో బయటపడ్డా. ఏదో ఒకటి పెట్టుకోండి.

లెక్చరర్ అవుదాం అనుకునేవాళ్లు కూడా చూస్కోండి, యూజీసీ నెట్‌లో పబ్లిక్ పాలసీ అని వేరే సబ్జెక్టు ఉండదు, చాలామంది పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో రాస్తారు, అది విడిగా చదువుకోవాల్సిందే.

డిగ్రీ అవ్వగానే నేరుగా చేరొచ్చు, ఏ డిగ్రీ అయినా పర్లేదు, మా బ్యాచ్‌లో బీటెక్ వాళ్లే ఎక్కువ, ఒక బీడీఎస్ అమ్మాయి కూడా ఉండేది. కానీ కుదిరితే ఏడాది రెండేళ్లు ఎక్కడైనా పని చేసి రండి. ఎన్జీవో అయినా, సర్వే కంపెనీ అయినా, బ్యాంకు అయినా. ఎందుకంటే క్లాసులో "ఇంప్లిమెంటేషన్" అనగానే అందరూ బుర్ర ఊపుతారు, పెన్షన్ లిస్టులో పేరు లేదని ఎంపీడీవో ఆఫీసు మెట్ల మీద కూర్చున్న ముసలాయనతో మాట్లాడినవాడికి మాత్రమే దాని బరువు తెలుస్తుంది. 25 ఏళ్ల లోపు ఉంటే పీఆర్‌ఎస్ (పార్లమెంటు, బిల్లుల మీద రీసెర్చ్ చేసే సంస్థ) వాళ్ల ల్యాంప్ ఫెలోషిప్‌కి అప్లై చేయండి, ఒక ఎంపీ దగ్గర దాదాపు ఏడాది పని, పార్లమెంటు ప్రశ్నలు తయారు చేయడం, బిల్లుల మీద నోట్లు రాయడం. 2010 నుంచి నడుస్తోంది.

ఇవేవీ కుదరకపోతే బెంగళూరు తక్షశిల ఇన్‌స్టిట్యూషన్ వాళ్లది 12 వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు ఉంది, ఉద్యోగం చేస్తూనే చేయొచ్చు, అది చేసి చూడండి. బోర్ కొట్టిందనుకోండి రెండేళ్లూ కొన్ని లక్షలూ మిగిలినట్టే.

ఎక్కడ

మన దగ్గర్నుంచే మొదలుపెడదాం. హైదరాబాద్ టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఎంఏ పబ్లిక్ పాలసీ అండ్ గవర్నెన్స్ ఉంది. గీతం హైదరాబాద్ క్యాంపస్‌లో కౌటిల్య స్కూల్ 2021లో మొదలైంది, అక్కడ ఎంపీపీ. ఐఐటీ హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ స్టడీస్ ఎంఏ. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో 2014 నుంచి ఎంపీపీ నడుస్తోంది, పేరు చూసి లా డిగ్రీ కావాలేమో అనుకుంటారు, అక్కర్లేదు. ఐఐటీ ఢిల్లీలో ఉంది, సోనీపత్ జిందాల్‌లో ఉంది. ఐఐఎం బెంగళూరుది అనుభవం ఉన్నవాళ్లకి, 2002లో ప్రభుత్వ ఆఫీసర్ల కోసం పెట్టిన ప్రోగ్రాం అది. ఏడాది ప్రోగ్రాంలు కూడా కొన్ని ఉన్నాయి, వాటిలో అన్నీ యూజీసీ గుర్తించే డిగ్రీలు కావు, తర్వాత పీహెచ్‌డీ ఆలోచన ఉంటే చేతికొచ్చే కాగితం మీద ఏం రాసుంటుందో ఫీజు కట్టకముందే అడగండి, మొహమాటపడొద్దు.

కాలేజీ వెబ్‌సైట్‌లో బిల్డింగ్ ఫొటోలు చూడకండి. రెండేళ్ల క్రితం పాసైనవాళ్లు ఇప్పుడెక్కడ పని చేస్తున్నారో లింక్డ్‌ఇన్‌లో వెతికి ఒక పదిమంది పేర్లు రాసుకోండి, వాళ్లలో ఇద్దరికి మర్యాదగా మెసేజ్ పెట్టండి, ఒకరైనా రిప్లై ఇస్తారు. స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ చెప్పేది పర్మనెంట్ ఫ్యాకల్టీనా లేక సెమిస్టర్‌కి ఒకసారి ఫ్లైట్ దిగే గెస్టా అనేది అడగండి. నాకు ఎవరూ ఈ మాట చెప్పలేదు, నేను చేరిన చోట ఎకనామెట్రిక్స్ (ఎకనామిక్స్‌లో వాడే స్టాటిస్టిక్స్) మొత్తం ఆరు శనివారాల్లో అయిపోయింది, ఆ లోటు పూడ్చుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

విదేశాలకైతే అమెరికాలో ఎక్కువగా రెండేళ్లు, ఆక్స్‌ఫర్డ్ బ్లావట్నిక్ స్కూల్‌లో ఏడాది, సింగపూర్‌లో లీ క్వాన్ యూ స్కూల్, బెర్లిన్‌లో హెర్టీ స్కూల్, ఇవి మనవాళ్లు ఎక్కువగా చూసేవి. అమెరికా వెళ్లేవాళ్లు ఆ ప్రోగ్రాంకి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సు అనే) గుర్తింపు ఉందో లేదో తప్పకుండా చూడండి, కొన్నిటికే ఉంటుంది, చదువయ్యాక అక్కడ ఎన్నాళ్లు పని చేయొచ్చు అనేది దాన్ని బట్టే. యూకేకి చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్ ఉంది, రెండేళ్ల పని అనుభవం అడుగుతారు, చదువయ్యాక ఇండియాకి తిరిగొచ్చి రెండేళ్లుండాలి. తెలంగాణ వాళ్లకైతే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ ఓవర్సీస్ స్కీంలు ఉన్నాయి, 20 లక్షల దాకా, ఇంజనీరింగ్‌కే అనుకుని చాలామంది వదిలేస్తారు, సోషల్ సైన్సెస్ కూడా అందులో ఉన్నాయి. కాకపోతే డబ్బు ముందే చేతికి రాదు, అక్కడికెళ్లి కాగితాలు పంపాక విడతలుగా వస్తుంది, కాబట్టి టికెట్టూ మొదటి సెమిస్టరూ మీరే చూసుకోవాలి.

ఎంట్రన్స్, ఎస్‌ఓపీ

టిస్‌కి సీయూఈటీ పీజీ (దేశమంతా ఒకటే పీజీ ఎంట్రన్స్) రాయాలి, నేషనల్ లా స్కూల్‌కి వాళ్ల సొంత పరీక్ష ఎన్‌ఎల్‌ఎస్‌ఏటీ, అందులో టిక్కులు పెట్టే భాగంతో పాటు కూర్చుని రాసే భాగం కూడా ఉంటుంది. దానికి కోచింగ్ ఏం అక్కర్లేదు, రోజూ ఒక ఎడిటోరియల్ చదివి, అందులో రచయిత ఏం చేయమంటున్నాడు, దేన్ని చూపించి అంటున్నాడు, ఎవరి సంగతి మర్చిపోయాడు అని మూడు ముక్కలు రాయండి. మూడు నెలల్లో చెయ్యి తిరుగుతుంది.

ఎస్‌ఓపీ అంటే ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నారో రాసిచ్చే వ్యాసం, దాని దగ్గర మనోళ్లందరూ ఒకే గోతిలో పడతారు. "చిన్నప్పట్నుంచి దేశానికి సేవ చేయాలని నా కల" అని మొదలెడతారు. నా మొదటి డ్రాఫ్ట్ కూడా అదే, అబ్దుల్ కలాం కొటేషన్‌తో సహా. మా సీనియర్ అక్క చదివి "నీ ఊళ్లో నీకు కోపం తెప్పించిన విషయం ఒకటి చెప్పు" అంది. చెప్పా. మా చిన్నాన్నకి సొంత భూమి లేదు, ఐదెకరాలు కౌలుకి చేస్తాడు. 2018లో రైతుబంధు వచ్చింది, ఎకరాకి పంటకి 4 వేలు, అది పట్టా ఉన్న ఆసామి ఖాతాలో పడింది, ఆయన ఉండేది హైదరాబాద్‌లో. పత్తికి పెట్టుబడి పెట్టింది చిన్నాన్న, పెట్టుబడి సాయం మాత్రం ఆసామికి. "ఇదే రాయి, ఇంకేం రాయకు" అంది అక్క. రాశా, రాశాక ఇంకో పేరా కూడా కలిపించింది: మరి కౌలుదారుకి ఇవ్వాలంటే కౌలుకి చేస్తున్నాడని రుజువేంటి, కాగితం రాస్తే భూమి పోతుందని ఆసామి భయపడితే కౌలే ఇవ్వడు కదా, పక్కన ఆంధ్రాలో 2019 చట్టం తెచ్చి సాగుదారు కార్డులు పెట్టినా ఆసామి సంతకం దగ్గర అదే చిక్కు వచ్చింది కదా అని. కోపం ఒక పేరా, ఆ సమస్య ఎందుకంత తేలిక కాదో ఒక పేరా. సెలక్షన్ వాళ్లు రెండో పేరా కోసమే చూస్తారు.

లోపలికెళ్లాక

మొదటి దెబ్బ రీడింగ్. వారానికి రెండు మూడు వందల పేజీల ఇంగ్లీషు ఇస్తారు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి నెలలో బ్యాగ్ సర్దేద్దామనుకుంటారు, ఆగండి, ఎవడూ మొత్తం చదవడు. ముందు మొదటి రెండు పేజీలు, ఆఖరి రెండు పేజీలు, తర్వాత టేబుళ్లు, అప్పుడు కావాలంటే మధ్యలోకి వెళ్లండి. చదివింది తెలుగులో ఐదు లైన్లు రాసుకోండి, తెలుగులో రాయలేకపోయారంటే అర్థం కాలేదన్నట్టు. నేను ఇప్పటికీ అదే చేస్తా.

రెండో దెబ్బ స్టాటిస్టిక్స్, దీన్నుంచి తప్పించుకునే ఎలెక్టివ్‌లు వెతక్కండి, ఉద్యోగం ఇచ్చేది ఇదే. విచిత్రం ఏంటంటే ప్రపంచమంతా పాలసీ క్లాసుల్లో చెప్పే స్టడీల్లో కొన్ని మన వీధుల్లోవే. 2019లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో ఇంకో ఇద్దరితో కలిసి హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని లాటరీ తీసి, 52 బస్తీల్లో మైక్రోఫైనాన్స్ (పేదలకి చిన్న చిన్న అప్పులిచ్చే) బ్రాంచీలు ముందు పెట్టించి, మిగతా 52లో అప్పటికి పెట్టకుండా తేడా చూశారు. వ్యాపారాలు కాస్త పెరిగాయి గానీ, పిల్లల చదువు, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటు, వీటిలో చెప్పుకోదగ్గ మార్పేమీ కనపడలేదు. ఇది చదువుతుంటే మా అమ్మ గ్రూపు మీటింగులూ, 2010లో మైక్రోఫైనాన్స్ మీద ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ రోజులూ గుర్తొచ్చి, నోబెల్ వాళ్ల లెక్కలు మన గల్లీలోవా అనిపించింది. అట్లాగే ఎకనామిస్ట్ కార్తీక్ మురళీధరన్ వాళ్లు ఉమ్మడి రాష్ట్రంలో 157 మండలాల్లో ఉపాధి హామీ కూలీ, పెన్షన్ల స్మార్ట్‌కార్డుల మీద చేసింది కూడా, డబ్బు త్వరగా అందింది, మధ్యలో తినేది తగ్గింది అని తేలింది. ఇవి రెండూ ముందే చదువుకుని వెళ్తే క్లాసులో మీరే హీరో.

లాటరీ తీయడం కుదరనప్పుడు ఏం చేస్తారంటే, జీరో టికెట్ దగ్గరికే మళ్లీ వద్దాం. 2023 డిసెంబర్ నుంచి 2025 ఆగస్టు దాకా కోదాడలో ఎక్కిన ఆడమనిషికి జీరో టికెట్, బోర్డర్ దాటితే జగ్గయ్యపేటలో ఎక్కిన ఆడమనిషికి ఫుల్ టికెట్. రెండు చోట్లా అదే ఎండ, అవే పంటలు, అవే పెళ్లి సీజన్లు. కోదాడలో స్కీంకి ముందూ తర్వాతా ఎంత తేడా వచ్చింది, అదే టైంలో జగ్గయ్యపేటలో ఎంత తేడా వచ్చింది, మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది స్కీం వల్ల వచ్చింది అనుకోవచ్చు. దీన్నే డిఫరెన్స్ ఇన్ డిఫరెన్స్ అంటారు, పేరుకి భయపడ్డం తప్ప ఇందులో ఉన్నవి మూడు తీసివేతలు. వెంటనే ప్రొఫెసర్ అడ్డం పడతాడు, కోదాడ ఆడవాళ్లు ఫ్రీగా బోర్డర్ దాకా వచ్చి షాపింగ్‌కి జగ్గయ్యపేటకి పోతే అక్కడి లెక్క కూడా మారిపోయింది కదా అని. ఇదిగో, ఈ కొట్లాటే సబ్జెక్టు. సాఫ్ట్‌వేర్ స్టేటా నేర్పుతారు చాలాచోట్ల, మీరు ఇంట్లో ఆర్ (R) అనే ఇంకో సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, ఫ్రీ.

మూడోది మెమో రాయడం. నాకు మొదటి అసైన్‌మెంట్ ఆర్టీసీ మీదే, రవాణా మంత్రికి రెండు పేజీల నోట్ రాయమన్నారు. నేను 1932లో నిజాం రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైన దగ్గర్నుంచి ఎత్తుకున్నా, చాలా కష్టపడి రాశా. సార్ మొదటి పేజీ మొత్తం అడ్డంగా గీత కొట్టేసి మార్జిన్‌లో "మంత్రిగారు కార్లో ఉన్నారు, ఏం చేయమంటావ్?" అని రాసిచ్చాడు. అప్పుడు తెలిసింది, మనకి స్కూల్లో వ్యాసం అంటే ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు, ఇక్కడ ముగింపే మొదటి లైను. ఏం చేయాలి, ఎంత ఖర్చు, ఎవరు అడ్డుపడతారు, వద్దనుకుంటే ఇంకో దారి ఏంటి. సమాచారమంతా వెనక పేజీల్లో.

ఊళ్లో చేయాల్సిన పని

సెలవుల్లో ఊరికొచ్చినప్పుడు ఒక్క పథకం పట్టుకుని రాష్ట్ర బడ్జెట్ పుస్తకాల్లో దాని పద్దు వెతకండి, ఫైనాన్స్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. మూడు రకాల అంకెలు కనపడతాయి: వచ్చే ఏడాదికి వేసిన అంచనా, ఈ ఏడాది సవరించిన అంచనా, అంతకుముందు ఏడాది నిజంగా ఖర్చయింది. పేపర్లో హెడ్డింగ్ అయ్యేది మొదటిది. మీరు మూడోది చూడండి, అది రెండేళ్లు ఆలస్యంగా తెలుస్తుంది కాబట్టి ఎవరికీ గుర్తుండదు, కథంతా అక్కడే ఉంటుంది.

ఆర్టీఐ వేయడం కూడా నేర్చుకోండి. మన రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబు రావాలి. నేను డిసర్టేషన్ (కోర్సు చివర్లో రాసే థీసిస్) కోసం ఒక ఆఫీసులో వేస్తే 54వ రోజు "కోరిన సమాచారం విస్తృతమైనది" అని ఒక లైను వచ్చింది. తప్పు నాది కూడా, "గత పదేళ్ల పూర్తి వివరాలు ఇవ్వగలరు" అని అడిగా. రెండోసారి ఫలానా నెల, ఫలానా రిజిస్టర్, ఫలానా కాలమ్ కాపీ అని అడిగితే మూడు వారాల్లో వచ్చింది. ప్రశ్న చిన్నగా అడగడం డిసర్టేషన్‌కి కూడా పనికొచ్చే విద్య, "తెలంగాణలో విద్యావిధానం" అని టాపిక్ పెట్టుకున్న మా ఫ్రెండ్ గడువు మూడుసార్లు పొడిగించుకున్నాడు.

ఉద్యోగాలు

ఐటీలో చేరిన క్లాస్‌మేట్‌తో మొదటి జీతం పోల్చుకోకండి, బాధపడతారు. రీసెర్చ్ సంస్థలు, జె-పాల్ లాంటి ఇవాల్యుయేషన్ వాళ్లు, కన్సల్టింగ్ కంపెనీల గవర్నమెంట్ టీంలు, సెక్రటేరియట్‌లో కూర్చునే ప్రాజెక్ట్ మానిటరింగ్ యూనిట్లు, కంపెనీల సీఎస్‌ఆర్ (సమాజ సేవకి ఖర్చుపెట్టే) విభాగాలు, పార్టీలకి పనిచేసే పొలిటికల్ కన్సల్టెన్సీలు, ఇవీ దారులు. హైదరాబాద్‌లోనే ఉండాలనుకుంటే సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్), ఎన్‌ఐఆర్‌డీ (గ్రామీణాభివృద్ధి సంస్థ), ఆస్కి (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్), సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ నోటిఫికేషన్లు చూస్తుండండి, ఎక్కువ కాంట్రాక్ట్ పోస్టులే. తెలుగు చదవడం రాయడం బాగా వచ్చినవాడికి ఇక్కడ ఉన్న గిరాకీ ఢిల్లీ కుర్రాళ్లకి ఉండదు, జీవోలూ గ్రామసభ తీర్మానాలూ చదివి అర్థం చేసుకోవాలి కదా, దాన్ని రెజ్యూమెలో పైన రాయండి, సిగ్గుపడి కింద పెట్టకండి.

చివరగా సర్టిఫికెట్ల సంగతి, దీని మీద నాకు ఒక ఏడాది పోయినంత పనైంది. సీయూఈటీ పీజీ ఫారాలు మామూలుగా డిసెంబర్, జనవరి ప్రాంతంలో వస్తాయి. మనకి బీసీ-ఏ, బీ, డీ అని రాష్ట్రం ఇచ్చే కుల సర్టిఫికెట్ ఉంటుంది, అది సెంట్రల్ సంస్థల్లో చెల్లదు, వాళ్లకి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ సెంట్రల్ ఫార్మాట్‌లోనే కావాలి, పైగా రాష్ట్ర బీసీ లిస్టులో ఉన్న ప్రతి కులం సెంట్రల్ లిస్టులో ఉండదు. నేను కౌన్సెలింగ్‌కి రాష్ట్రం సర్టిఫికెట్ లామినేషన్ చేయించుకుని మరీ వెళ్లా. వాళ్లు వారం టైం ఇచ్చారు, మీసేవలో అప్లై చేసి, ఎంక్వైరీ, ఆర్‌ఐ సంతకం, తహసీల్దార్ సెలవు, అన్నీ దాటి ఆరో రోజు సాయంత్రం నాలుగున్నరకి చేతికొచ్చింది. మీరు నవంబర్‌లోనే మీసేవకి వెళ్లి సెంట్రల్ ఫార్మాట్ అని రెండుసార్లు చెప్పి అప్లై చేయండి, ఏ ఏడాదికి చెల్లుతుందో తేదీ చూసుకోండి, లామినేషన్ మాత్రం చేయించకండి.